చెవిబాకా - చాటిన చెవుడు: హారియెట్ మార్టినో అనుభవం, వినికిడి సాధనాల చరిత్ర

వ్యాససంగ్రహం:
వినికిడి సాధనాల చరిత్రను సాంకేతిక ప్రగతి చరిత్రగా చెప్పడం పరిపాటి. బాకా నుండి కవాటానికి, కవాటం నుండి ట్రాన్సిస్టరుకు, అక్కడి నుండి డిజిటల్ చిప్‌కు సాగిన ప్రయాణంగా అది కనిపిస్తుంది. ఆ చరిత్రలోనే మరొక పాయ ఉంది. అది సాధనాన్ని దాచడమా, చాటడమా అనే ప్రశ్న. పంతొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల రచయిత్రి హారియెట్ మార్టినో (1802-1876) తన చెవుడును బహిరంగపరచిన తీరును కేంద్రంగా తీసుకొని, ఆ ప్రశ్న నేటి భారతీయ చట్టం, తెలుగు నుడికారం వరకు ఎలా కొనసాగుతున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: చెవుడు, చెవిబాకా, వినికిడి యంత్రం, హారియెట్ మార్టినో, వైకల్య అధ్యయనం, తెలుగు సామెతలు.

1. ప్రవేశిక

తెలుగులో 'విను' అనే ధాతువుకు రెండు బరువులున్నాయి. ఒకటి శబ్దాన్ని గ్రహించడం, రెండోది చెప్పినట్లు చేయడం. 'మాట వినే పిల్లవాడు' అంటే చెవులు బాగా పనిచేసే పిల్లవాడని ఎవరూ అర్థం చేసుకోరు. 'పెడచెవిన పెట్టడం', 'చెవిన వేసుకోకపోవడం', 'చెవి ఒగ్గడం' వంటి పలుకుబడులన్నీ శ్రవణాన్ని మనోనిశ్చయానికి ముడివేస్తాయి. భాషాశాస్త్ర దృష్టితో ఇది సాధారణమైన అర్థవిస్తరణే. అయితే వినికిడి క్రమంగా తగ్గుతున్న పిల్లవాడు ఉన్న ఇంట్లో ఈ రెండు అర్థాల మధ్య గీత చెరిగిపోతుంది. 'వీడికి వినబడదు' అనవలసిన చోట 'వీడు వినడు' అన్న మాట వస్తుంది. ఒక ప్రత్యయం తేడాలో శరీరస్థితి కాస్తా శీలదోషంగా మారిపోతుంది.

సామెతలలో ఈ ధోరణి ఇంకా స్పష్టం. చెవిటివాని ముందు శంఖం ఊదిన సామెతను వ్యర్థప్రయాసకు ఉదాహరణగా వాడడం అందరికీ తెలుసు. దాని పూర్తి రూపంలో చెవిటివాడు ఊరుకోడు. దాన్ని కొరకడం నీ తాత తరం కూడా కాదని శంఖం ఊదేవాడితో అంటాడు. నవ్వు పుట్టించడానికి చెప్పిన ఈ మాటలో నిశితమైన పరిశీలన దాగి ఉంది. వినబడని మనిషి చూస్తున్నాడు. ఎదుటివాని పెదవుల దగ్గర ఒక గట్టి వస్తువు, ఉబ్బిన బుగ్గలు, ముఖంలో శ్రమ కనబడుతున్నాయి. వాటి నుండి అతడు తీసిన నిర్ధారణ తప్పు కావచ్చు గాని, తర్కరహితం కాదు. చేంతాడు ఇమ్మంటే చెవిపోగుల సంగతి తనకు తెలియదన్న 'చెవిటి పెద్దమ్మ' సామెతలోనూ ఇదే జరుగుతుంది. 'చేంతాడు', 'చెవిపోగులు' అనే మాటల్లో మొదటి హల్లు ఒకటే. చెవిని చేరిన ఆ కొద్దిపాటి ధ్వనిమీద మిగిలిన మాటను ఆమె ఊహతో నింపుకొంది. వినికిడి తగ్గినవారు రోజంతా చేసే పని ఇదే. లోకం నవ్వేది ఆ ఊహ గురి తప్పినప్పుడు. గురి తగిలిన వందసార్లు ఎవరి లెక్కలోకీ రావు.

ఈ నవ్వుకు భయపడి చెవుడును దాచుకోవడం ఏ ఒక్క సమాజానికో పరిమితమైన సంగతి కాదు. దాచుకోవడానికి వీలుగా సాధనాలను తయారుచేయడం ఐరోపాలో ఒక పరిశ్రమగానే ఎదిగింది. ఆ పరిశ్రమ వృద్ధి చెందుతున్న కాలంలోనే ఒక స్త్రీ దానికి ఎదురు దారిలో నడిచింది.

2. 1802: ఒక మరణశాసనం, ఒక జననం

1802 అక్టోబరులో వియన్నా సమీపంలోని హైలిగెన్‌స్టాట్ అనే పల్లెలో లుడ్విగ్ వాన్ బీథోవెన్ తన సోదరులను ఉద్దేశించి ఒక లేఖ రాశాడు. అప్పటికి అతనికి 31 ఏళ్లు. వినికిడి కొన్ని ఏళ్లుగా క్షీణిస్తూ వస్తున్నది. తాను మనుషుల నుండి తప్పుకు తిరగడాన్ని లోకం అహంకారమని అపార్థం చేసుకుంటున్నదని, నిజానికి 'గట్టిగా చెప్పండి, నాకు వినబడదు' అనే మాట నోట రాకపోవడమే దానికి కారణమని ఆ లేఖ సారాంశం. సంగీతకారునికి ఇతరులకన్నా మిన్నగా ఉండవలసిన ఇంద్రియమే లోపించిందని ఎలా ఒప్పుకోగలడు? ఆ లేఖను అతడు ఎవరికీ పంపలేదు. 1827లో అతని మరణానంతరం కాగితాల మధ్య దొరికింది. తరువాతి దశలో బీథోవెన్ మెట్రోనోమ్‌తో పేరు ముడిపడిన మెల్ట్‌సెల్ చేత చెవిబాకాలు చేయించుకున్నాడు. 1818 నుండి సందర్శకులు తమ మాటలను రాసి చూపే సంభాషణ పుస్తకాలను వాడాడు. దాపరికం అసాధ్యమయ్యాకనే అతడు వాటిని చేపట్టాడు.

అదే 1802 జూన్ 12న ఇంగ్లండులోని నార్విచ్ పట్టణంలో ఒక బట్టల తయారీదారు ఇంట హారియెట్ మార్టినో జన్మించింది. ఎనిమిది మంది సంతానంలో ఆమె ఆరవది. రుచి, వాసన దాదాపు తెలియని పిల్ల. బాల్యం దాటుతున్న వేళ వినికిడి తగ్గడం మొదలై, ఇరవై ఏళ్లు నిండేనాటికి తీవ్రమైన చెవుడుగా స్థిరపడింది. ఒకే ఏడాదిలో జరిగిన ఈ రెండు ఘటనలకు కార్యకారణ సంబంధం ఏదీ లేదు. అయితే ఒకే లోపాన్ని ఇద్దరు మనుషులు ఎదుర్కొన్న భిన్న మార్గాలకు ఈ కాకతాళీయం ఒక అనువైన కొలగుర్తుగా నిలుస్తుంది.

3. దాచే సాధనాలు

చెవిబాకా సూత్రం సరళమైనది. వెడల్పైన నోటితో ఎక్కువ ధ్వనిని పోగుచేసి, సన్నని గొట్టం ద్వారా చెవిలోకి పంపడం దాని పని. చెవి వెనుక దొప్పగా అరచేతిని పెట్టుకోవడం దీనికి ఆదిరూపం. చిత్రకారుడు జాషువా రేనాల్డ్స్ 1775 ప్రాంతంలో వేసుకొన్న ఒక స్వీయచిత్రంలో సరిగ్గా ఈ భంగిమలోనే కనిపిస్తాడు. రాయల్ అకాడెమీ తొలి అధ్యక్షుడైన రేనాల్డ్స్ బాకాను నిస్సంకోచంగా వాడినవాడు. కళ గురించి తెలియనివారు మాట్లాడుతుంటే బాకాను పక్కకు జరిపి నస్యం పట్టేవాడని మిత్రుడు ఆలివర్ గోల్డ్‌స్మిత్ తన కవితలో చమత్కరించాడు. అంతటి హోదా ఉన్న మగవాడికి చెవుడు ఒక సౌకర్యంగా కూడా పనికివచ్చిందన్నమాట.

అందరికీ ఆ హోదా లేదు. లండనులో 1800 ప్రాంతంలో స్థాపితమైన ఎఫ్.సి. రీన్ సంస్థ వంటివి వినికిడి సాధనాలను వేరే వస్తువులుగా భ్రమింపజేయడంలో ఆరితేరాయి. విసనకర్రలలో, తలపట్టీలలో, టోపీలలో, బల్లమీది పూలపాత్రలలో ధ్వనిని గ్రహించే అమరికలు దాగి ఉండేవి. మైలలో ఉన్నవారి కోసం నల్లని పట్టు, లేసు తొడిగిన బాకాలు తయారయ్యేవి. దుఃఖాన్ని బహిరంగంగా ధరించడం మర్యాద, చెవుడును ధరించడం మాత్రం కాదు. ఈ ధోరణికి పరాకాష్ఠ 1819లో పోర్చుగల్ రాజు ఆరవ జాన్ కోసం రీన్ సంస్థ తయారుచేసిన సింహాసనం. దాని చేతుల కొసలు నోరు తెరిచిన సింహాల తలలు. మాట్లాడదలచినవారు మోకరిల్లి ఆ సింహాల నోళ్లలోకి మాట్లాడాలి. ధ్వని బోలుగా ఉన్న చేతుల గుండా సాగి, ఒక గొట్టం ద్వారా రాజు చెవికి చేరేది. లోపాన్ని దాచడమే గాక, ఆ దాపరికాన్నే అధికార చిహ్నంగా మార్చిన నిర్మాణమిది. వంగవలసిన వాడు వినబడని రాజు కాదు, వినిపించుకోవలసిన ప్రజ. సాధనాల చరిత్రలో శ్రమభారాన్ని పూర్తిగా ఎదుటివారి మీద పెట్టిన సందర్భం బహుశా ఇదొక్కటే.

4. మార్టినో: కుటుంబం నుండి బాకా వరకు

మార్టినో 1855లో రాసి, మరణానంతరం 1877లో వెలువడిన ఆత్మకథలో చెవుడు మొదలైన రోజుల ప్రస్తావన ఉంది. కుటుంబం ఆమె స్థితిని అర్థం చేసుకోవడానికి బదులు తప్పును ఆమెమీదే మోపింది. శ్రద్ధ లేదనీ, పరధ్యానమనీ, ఇలా విను, అలా విను అనీ మందలింపులు సాగేవి. వినదలచుకోనివారిని మించిన చెవిటివారు లేరనే ఆంగ్ల సామెతను కూడా ఆమెకు వినిపించారు. తెలుగు ఇంట్లోని 'వినడు' అన్న ఫిర్యాదుకు నార్విచ్ ఇంట్లోని ఈ సామెత సరిసమానం. భాషలు వేరైనా నేరారోపణ ఒకటే.

1820లలో తండ్రి మరణం, 1829లో కుటుంబ వ్యాపారం కూలిపోవడం ఆమె జీవితాన్ని మలుపు తిప్పాయి. ఆ కాలపు మధ్యతరగతి అవివాహిత స్త్రీకి ఉన్న ప్రధాన జీవనోపాధి ఇళ్లలో పిల్లలకు చదువు చెప్పడం. చెవుడు ఆ దారి మూసివేసింది. ఆమె కుట్టుపని చేస్తూ రాయడం కొనసాగించింది. 1832లో మొదలై 1834 వరకు భాగాలుగా వెలువడిన రాజకీయార్థశాస్త్ర కథామాల ఆమెను ఇంగ్లండంతటా ప్రసిద్ధురాలిని చేసింది. విద్యావ్యాప్తికోసం సంఘం పెట్టిన లార్డ్ బ్రూమ్, నార్విచ్‌లోని ఒక చెవిటి పిల్ల దేశంలోని ఏ మగవాడికన్నా ఎక్కువ మేలు చేస్తున్నదని అన్నట్లు ప్రసిద్ధి. ఈ ప్రశంసలో 'చెవిటి పిల్ల' అనే మాట ఆశ్చర్యార్థకంగా పడిన తీరు గమనించదగినది. అప్పటికామెకు ముప్పై ఏళ్లు.

లండను సమాజంలో ప్రవేశించేనాటికి ఆమె చేతిలో బాకా ఉంది. దాన్ని చేపట్టడం అవసరమైన కాలంకన్నా చాలా ఏళ్లు ఆలస్యంగా జరిగిందని ఆమె అభిప్రాయం. 1834 ఏప్రిల్‌లో ఎడింబరో నుండి వెలువడే టెయిట్స్ పత్రికలో 'చెవిటివారికి లేఖ' అనే వ్యాసం ప్రకటించింది. ఆంగ్లంలో వినికిడి కోల్పోయిన వ్యక్తి తనవంటి వారిని ఉద్దేశించి పేరుతో సహా బహిరంగంగా రాసిన తొలి ముఖ్య రచనల్లో ఇది ఒకటి. కీర్తి శిఖరాన ఉన్న రచయిత్రి, ఎవరూ బలవంతపెట్టకుండా, తన శరీరలోపాన్ని పత్రికకెక్కించడం ఆనాటి మర్యాదలకు పొసగని పని.

ఆ లేఖలో ఓదార్పు తక్కువ. దగ్గరివారి జాలి చెవిటివారికి చేసే హాని గురించి ఆమె కటువుగా రాసింది. ఏమీ జరగనట్లే నలుగురిలో తిరగమని, బాకా వద్దని ప్రేమతో చెప్పేవారు చివరకు మనిషిని మరింత ఒంటరిని చేస్తారని ఆమె అనుభవం. చెవుడును ముందుగా తనకు తాను ఒప్పుకోవాలి, తరువాత ఎదుటివారికి సూటిగా చెప్పాలి, సాధనాన్ని ఆలస్యం చేయకుండా చేపట్టాలి. ఇంతవరకు నేటి శ్రవణ నిపుణులు చెప్పేదానికి పెద్దగా తేడా లేదు. తేడా ఉన్నది మరొక నియమంలో. నలుగురూ మాట్లాడుకొంటుంటే 'ఏమన్నారు?' అని ఎన్నడూ అడగరాదని ఆమె చిన్ననాడే ప్రతిన పూనింది. చెప్పదగిన సంగతైతే మిత్రులే చెబుతారని నమ్మాలి, అడిగి విసిగించకూడదు. ఈ నియమాన్ని తోటి చెవిటివారికి కూడా ఆమె సిఫారసు చేసింది.

5. బాకా కలిపిన ఇద్దరు

1834 నుండి 1836 వరకు మార్టినో అమెరికాలో పర్యటించింది. వెంట లూయిజా జెఫ్రీ అనే సహచరి ఉంది. ఆ పర్యటన ఫలితంగా వచ్చిన 'సొసైటీ ఇన్ అమెరికా' (1837) సమాజశాస్త్ర తొలి గ్రంథాలలో ఒకటిగా నేడు గుర్తింపు పొందింది. చెవిటి మనిషి ఒక దేశాన్ని పరిశీలించి రాయడమేమిటన్న ఆక్షేపణ వస్తుందని ఆమెకు తెలుసు. అందుకే పుస్తకం ఉపోద్ఘాతంలోనే ఆ సంగతి ఎత్తుకొంది. వీధుల్లో, బండ్లలో, సత్రాలలో అనుకోకుండా చెవినపడే మాటలు తనకు దక్కలేదని ఒప్పుకొంది. ఆ నష్టం తక్కువది కాదని కూడా అన్నది. అయితే తన బాకా నమ్మకమైనదని, అది మనుషులను ఆకర్షించే గుణం కలదని, గుంపు సంభాషణ వినేవారికన్నా ముఖాముఖి మాటల్లో తాను ఎక్కువ సంపాదించానని వాదించింది.

పైకి ఇది సమర్థింపులా కనబడినా, ఇందులో పరిశోధన పద్ధతికి సంబంధించిన ఒక ప్రతిపాదన ఉంది. బాకా గదిలోని అందరి మాటలనూ అందించలేదు. అందులోకి ఒక్కరే మాట్లాడగలరు. ఆ ఒక్కరూ దగ్గరకు రావాలి, తమ మాటను ఎంచుకోవాలి, ఒక వాక్యాన్ని పూర్తిచేయాలి. సభామర్యాద కోసం అనే మాటలు బాకాలోకి అనడం ఇబ్బంది. ఫలితంగా సాధనం పరిమితే మాట నాణ్యతను నియంత్రించింది. తదుపరి ఏడాది వెలువడిన ఆమె 'హౌ టు అబ్జర్వ్ మోరల్స్ అండ్ మానర్స్' (1838) క్షేత్రపరిశీలన పద్ధతులను క్రమబద్ధంగా చర్చించిన గ్రంథం. ఆ గ్రంథాన్ని చదివేటప్పుడు దాని రచయిత్రి ఏ మాట విన్నా ఒక గొట్టం గుండానే విన్నదన్న సంగతి మరువరాదు.

1835 నవంబరులో బోస్టన్‌లో బానిసత్వ వ్యతిరేక స్త్రీల సమావేశానికి ఆమె వెళ్లింది. అప్పటికి కొద్ది వారాల ముందే ఆ సంఘం సమావేశంమీద అల్లరిమూక దాడి చేసి ఉంది. ఆమె అభిప్రాయాలు తెలిసిన ఒక ఉద్యమకారుడు, సానుభూతిగా ఒక మాట చెప్పగలరా అని కాగితంమీద రాసి అందించాడు. మాట్లాడితే అమెరికాలో తన యాత్ర ఏమవుతుందో ఆమెకు తెలుసు. అయినా లేచి తమ సూత్రాలతో ఏకీభవిస్తున్నానని చెప్పింది. పత్రికల దూషణలు, మూసుకుపోయిన తలుపులు దాని ఫలితాలు. తరువాతి కాలపు చరిత్రకారులు ఈ ఘట్టంలో చెవుడును ప్రస్తావించడం అరుదు. కాని ఆమె ప్రజాజీవితంలోని అత్యంత సాహసోపేతమైన ప్రసంగానికి పిలుపు ఒక చీటీ రూపంలో చేరింది.

ఇరవై ఏళ్ల తరువాత, 1850ల మధ్యలో, అమెరికన్ నవలాకారుడు నతానియల్ హాతార్న్ లివర్‌పూల్‌లో తన దేశపు కాన్సల్‌గా ఉన్నప్పుడు మార్టినోను కలిశాడు. ఆమె మాట్లాడుతూ బాకా కొసను ఒకరి వైపు నుండి మరొకరి వైపుకు తిప్పుతుండగా, అది ఆమె దేహంలో భాగమేనన్నట్లు, కీటకాల మీసాల వలె స్పృహ కలిగినదిగా తోచిందని తన దినచర్యలో రాసుకొన్నాడు. దాచవలసిన లోహపు ముక్కగా కాక, శ్రద్ధను చూపే ఇంద్రియంగా ఒక అపరిచితుడు దాన్ని గుర్తించాడు. రీన్ సంస్థ విసనకర్రలేవీ సాధించలేని ఫలితమిది.

6. ఆ ధైర్యానికి హద్దులు

మార్టినోను ఆదర్శమూర్తిగా నిలబెట్టడం తేలిక. కాని ఆమె నియమాలను దగ్గరగా చూస్తే కొన్ని చిక్కులు ఎదురవుతాయి. 'అడగకూడదు' అన్న ప్రతిన స్వాభిమానాన్ని కాపాడుతుంది, నిజమే. దానికి చెల్లించవలసిన మూల్యం, ఏది చెప్పదగినదో నిర్ణయించే హక్కును వినగలిగేవారి చేతుల్లో పెట్టడం. 'ఏమీ లేదులే, తరువాత చెబుతాను' అన్న మాట వినికిడి తగ్గినవారు ఇంట్లోనూ, కార్యాలయంలోనూ తరచుగా ఎదుర్కొనేది. ఆ తరువాత అనేది రాదు. మార్టినో నియమం ఈ అలవాటుకు అనుకోకుండా ఆమోదముద్ర వేస్తుంది. సంభాషణ భారం మొత్తాన్ని ఆమె చెవిటివారి భుజాలమీదే మోపింది. ఎదుటివారు ముఖం కనబడేలా కూర్చోవాలి, ఒకరి తరువాత ఒకరు మాట్లాడాలి వంటి కోరికలు ఆమె లేఖకు ప్రధానం కావు. పోర్చుగల్ రాజు సింహాసనానికి ఇది సరిగ్గా వ్యతిరేక ధ్రువం.

దీనికి కారణాలు ఆమె కాలంలోనూ, వర్గంలోనూ ఉన్నాయి. స్వయంసహాయాన్ని ధర్మంగా బోధించిన యూనిటేరియన్ కుటుంబ సంస్కారం, ఇతరులకు భారం కారాదన్న అవివాహిత స్త్రీ జాగ్రత్త, రాజకీయార్థశాస్త్రంలో ఆమె నమ్మిన వ్యక్తివాదం అన్నీ ఆ లేఖలో కలిసి పలుకుతాయి. మరొక పరిమితి ఇంకా తీవ్రమైనది. భాష అబ్బిన తరువాత వినికిడి కోల్పోయినవారి తరఫున అంత స్పష్టంగా మాట్లాడిన ఆమె, పుట్టుకతో వినబడనివారి బుద్ధివికాసం గురించి అమెరికా యాత్రాగ్రంథంలో చేసిన అంచనాలు చిన్నచూపుతోనే ఉన్నాయి. సంకేతభాషను సంపూర్ణ భాషగా గుర్తించే దృష్టి ఆ కాలపు విద్యావంతుల్లో అరుదు. ఆమె దానికి మినహాయింపు కాలేదు.

7. కవాటం, ట్రాన్సిస్టరు, అధ్యక్షుని చెవి

మార్టినో 1876 జూన్ 27న మరణించింది. అదే ఏడాది మార్చిలో అలెగ్జాండర్ గ్రాహం బెల్‌కు టెలిఫోన్ పేటెంటు లభించింది. బెల్ తల్లికీ, భార్యకూ వినికిడి లేదు. వృత్తిరీత్యా అతడు బధిరుల ఉపాధ్యాయుడు. శబ్దాన్ని విద్యుత్తుగా మార్చి పెంచగల అవకాశం అక్కడ మొదలైంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల విద్యుత్ సాధనాలు బరువైనవి. బ్రిటన్‌లో 1948లో జాతీయ ఆరోగ్యసేవ ఆరంభమైనప్పుడు 'మెడ్రెస్కో' అనే యంత్రాన్ని ఉచితంగా ఇవ్వసాగారు. అది దుస్తులపై ధరించే పెట్టె, బ్యాటరీల సంచి వేరు. పేదవారి చెవికి సాధనం హక్కుగా చేరడం వినికిడి చరిత్రలో ఏ ఆవిష్కరణకూ తీసిపోని ఘట్టం.

అమెరికా మార్కెట్‌లో ట్రాన్సిస్టరు వాడిన తొలి వాణిజ్య వస్తువు రేడియో కాదు, వినికిడి యంత్రం. 1952 చివర సోనోటోన్ సంస్థ దాన్ని విడుదల చేసింది. పరికరం చిన్నదవుతున్నకొద్దీ పాత కోరిక మళ్లీ తలెత్తింది. 1950ల మధ్యలో కళ్లద్దాల కాడల్లో యంత్రాన్ని దాచారు. తరువాత చెవి వెనుకకు, ఆపై చెవి రంధ్రంలోకి చేరింది. ప్రకటనలు ఏకకంఠంతో పొగిడిన గుణం 'కనబడకపోవడం'. బాగా వినబడుతుందని అంత గట్టిగా చెప్పలేదు. 1977లో అమెరికన్ పరిశోధకులు బ్లడ్, బ్లడ్, డాన్‌హవర్ ఈ స్థితికి 'హియరింగ్ ఎయిడ్ ఎఫెక్ట్' అని పేరు పెట్టారు. యంత్రం కనబడినంత మాత్రాన ధరించినవారి తెలివిని, వ్యక్తిత్వాన్ని చూపరులు తక్కువగా అంచనా వేస్తారన్నది వారి పరిశీలన.

1983 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ కుడి చెవిలో యంత్రంతో బహిరంగంగా కనిపించాడు. సినిమాల్లో నటించే రోజుల్లో చెవి దగ్గర తుపాకి పేలడం వల్ల వినికిడి దెబ్బతిన్నదని ఆయన చెప్పుకొన్నాడు. ఆ తరువాత యంత్రాల గురించి విచారించేవారు, కొనేవారు పెరిగారని పరిశ్రమ వర్గాలు ప్రకటించాయి. అయితే ఇందులో ఒక వైచిత్రి ఉంది. రీగన్ చాటినది దాదాపు కనబడని యంత్రం. పత్రికలు చెప్పకపోతే ఎక్కువమంది గమనించేవారు కారు. మార్టినో బాకా గది అవతలి నుండే కనబడేది.

8. కొత్త యంత్రం, తెలుగు చెవి

వయసుతో లేక రణగొణ ధ్వనితో వచ్చే చెవుడులో సాధారణంగా హెచ్చు పౌనఃపున్యాలు ముందుగా పోతాయి. అచ్చుల శక్తి తక్కువ పౌనఃపున్యాలలో, శ, ష, స, చ, త, క వంటి శ్వాస హల్లుల గుర్తులు ఎక్కువ పౌనఃపున్యాలలో ఉంటాయి. కనుక మాట వినబడుతుంది గాని విడివడదు. 'పాలు', 'కాలు', 'చాలు' ఒకే రూపంగా చెవిని తాకుతాయి. అజంతమైన తెలుగులో పదాంతపు అచ్చులు చక్కగా వినబడుతూ ఉండడంతో, అంతా వింటున్నామనే భ్రమ ఇంకొంత కాలం నిలుస్తుంది. 'నాకు బాగానే వినబడుతోంది, మీరే నములుతున్నారు' అనే పెద్దల ఫిర్యాదులో అబద్ధం లేదు. వారికి అందుతున్నది అదే.

కొత్త యంత్రం పెట్టుకొన్న తొలి వారాల అసౌకర్యానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఏళ్ల తరబడి నిశ్శబ్దానికి అలవాటుపడిన మెదడుకు ఒక్కసారిగా గిన్నెల చప్పుడు, కాగితం మడత, ఫ్యాను రొద, తన సొంత గొంతు కొత్తగా వినిపిస్తాయి. దెబ్బతిన్న లోపలి చెవికి చిన్న ధ్వని వినబడదు, పెద్ద ధ్వని మాత్రం భరించలేనంతగా తాకుతుంది. రెండింటి మధ్య జాగా ఇరుకు. యంత్రాన్ని ఆ ఇరుకులోకి అమర్చడానికి ఒక్కసారి వెళ్లివస్తే చాలదు, రెండు మూడుసార్లు సరిచేయించుకోవాలి. ఈ సంగతి ముందుగా చెప్పేవారు లేకపోవడంతో 'చెవి మిషను' చాలా ఇళ్లలో బీరువాకు చేరుతుంది. కళ్లద్దాలు పెట్టుకొన్న నిమిషంలో అక్షరం కనబడినట్లు దీనితో మాట వినబడదు. కళ్లద్దాలకు దక్కిన సామాజిక క్షమ యంత్రానికి దక్కకపోవడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

భారతదేశంలో 1981 నుండి సహాయక ఉపకరణాల పంపిణీ పథకం, 1983లో ముంబైలో ప్రారంభమైన జాతీయ సంస్థ ఈ రంగానికి ప్రభుత్వ రూపమిచ్చాయి. ఆ సంస్థ పేరు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేసిన హైదరాబాదు ప్రముఖుడు అలీ యావర్ జంగ్‌ది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రెండు చెవులలోనూ సంభాషణ పౌనఃపున్యాలలో 70 డెసిబెళ్ల నష్టం ఉన్నవారిని బధిరులుగా, 60 నుండి 70 డెసిబెళ్ల నష్టం ఉన్నవారిని వినికిడి మందగించినవారిగా నిర్వచించింది. మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెళ్ల స్థాయిలో సాగుతుంది. అంటే 45 లేదా 50 డెసిబెళ్ల నష్టం ఉన్నవారు తరగతి గదిలో వెనుక బెంచీ ప్రశ్నను, మౌఖిక పరీక్షలో పరీక్షకుని గొణుగుడును, సదస్సులో మైకు లేని చర్చను పోగొట్టుకొంటారు. అయినా చట్టం దృష్టిలో వారికి ఏ పేరూ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం ఏదో ఒక స్థాయి వినికిడి నష్టం ఉన్నవారు 150 కోట్లకు పైగా ఉన్నారు. వారిలో పునరావాస సేవలు అవసరమైనవారు 43 కోట్లు. వినికిడి యంత్రంతో మేలు పొందగలవారిలో దాన్ని వాడుతున్నవారు దాదాపు 17 శాతం మాత్రమే.

తెలుగులో పూర్తి చెవుడుకు పేర్లున్నాయి, సామెతలున్నాయి. ఈ మధ్యస్థితికి మాత్రం ఇంటివాడుకలో స్థిరపడిన గౌరవప్రదమైన మాట లేదు. 'కాస్త చెవుడు', 'మందంగా వినబడుతుంది' వంటివి పరోక్షంగా, ఎక్కువగా ఆ మనిషి లేనప్పుడు అనే మాటలు. ధ్రువపత్రం రాని, పేరు లేని ఈ స్థితిలో ఉన్న అధ్యాపకుడో పరిశోధక విద్యార్థో సదస్సులో లేచి 'నాకు ఎడమ చెవి వినబడదు, ఇటువైపు నుండి అడగండి' అని చెప్పవలసి వచ్చినప్పుడు, ఆ వాక్యాన్ని మొదటిసారి కూర్చుకోవలసినది వారే.